నీడలో వెచ్చటి నేల

నంగోలో అనే కుర్రగైడు వేసిన సఫారీ పథకంలో అన్నీ కుదిరాయి. మధ్యాహ్నం ఒక్కటే కుదరలేదు.

ఎడారి పార్కులో పొద్దున, సాయంత్రం తేలిక. తెల్లవారగానే అతిథులను నీటిగుంటల దగ్గరకు తీసుకెళ్తే ఏనుగులో, జీబ్రాలో, కనీసం జింకలో కనిపిస్తాయి. పొద్దు వాలాక మళ్లీ అదే పని. మధ్యలో ఉన్న ఎండే గైడుకి పరీక్ష. ఆ వేళ ఏ జంతువూ బయటికి రాదు. బండి రేకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఈసారి వచ్చే అతిథులంతా అరవై దాటినవాళ్లు. వాళ్లను ఎక్కడో ఒకచోట నీడన కూర్చోబెట్టి భోజనం పెట్టాలి.

నమీబియాలోని ఆ పార్కులో సందర్శకులు బండి దిగడానికి వీల్లేదు. గైడు చూసి సరేనన్న చోట మాత్రం దిగవచ్చు. అలా సరేననే అధికారం నంగోలోకి ఇంకా రాలేదు. రావాలంటే ముందు హెంగారి అతనికి సరే అనాలి.

పార్కు అంచున ఉన్న ఆ లాడ్జిలో గైడ్లందరికీ హెంగారే గురువు. చిన్నతనంలో ఎడారిలో పశువులు కాసినవాడు. తక్కువ మాట్లాడతాడు. శిష్యుడికి విద్య పట్టుబడిందని తోస్తే, లాడ్జి నడిపే హిల్మాతో 'పంపించు' అని ఒక్క మాట చెబుతాడు. ఆ మాట వచ్చేదాకా ఎవరూ అతిథులను సొంతంగా తీసుకెళ్లరు. నంగోలోతో పాటు చేరినవాళ్లందరికీ ఆ మాట వచ్చింది. అతనికి రాలేదు. ఈ సీజన్లో కూడా రాకపోతే ఉంచుకోనని హిల్మా తేల్చి చెప్పేసింది. అప్పుడు సముద్రపు ఒడ్డున తాను వదిలేసి వచ్చిన చేపల ఫ్యాక్టరీకే మళ్లీ పోవాలి.

"నీ చేపలు నీ మీద బెంగ పెట్టుకున్నాయిరా," అనేవాళ్లు తోటి గైడ్లు.

నంగోలో వెతికి వెతికి ఒక చెట్టును పట్టుకున్నాడు. మైదానం నడిమధ్య ఒంటరిగా నిలిచిన ముళ్లచెట్టు. తుమ్మజాతిది. కొమ్మలు గొడుగులా విచ్చుకుని ఉన్నాయి. కనుచూపుమేర మరో నీడ లేదు. పొద్దుటి నీటిగుంటకూ, సాయంత్రపు నీటిగుంటకూ మధ్య దారిలో ఉంది.

"తాతె," అని పిలిచాడు హెంగారిని. అక్కడ తండ్రినీ, తండ్రిలాంటివాళ్లనూ పిలిచే మాట అది. "మధ్యాహ్నం దొరికింది."

"ఎక్కడ?"

నంగోలో చెప్పాడు. హెంగారి టీ తాగుతూ విన్నాడు.

"అంత మంచి నీడ ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదన్నమాట," అన్నాడు.

నంగోలో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

మర్నాడు పథకం ఎలా నడుస్తుందో చూడటానికి ఇద్దరే బయల్దేరారు. అతిథులు వెంట ఉన్నట్టే నంగోలో అన్నీ సర్దాడు. మడతకుర్చీలు, చాప, నీళ్ల క్యాన్లు, భోజనం. పొద్దుటి నీటిగుంట దగ్గర ఏనుగులు అతను చెప్పిన వైపునుంచే వచ్చాయి. అతను చెప్పినంతసేపే ఉన్నాయి. హెంగారి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే మంచిదే.

ఎండ ముదిరాక దూరాన చెట్టు కనిపించింది. మొదట కొమ్మలే కనిపించాయి. కాండం లేదు. కొమ్మలకూ నేలకూ మధ్య నీళ్లలాంటిది ఏదో కదులుతోంది. ఎడారిలో ఇది మామూలే, నంగోలోకి తెలుసు. అయినా ఆ చెట్టు నేల మీదికి దిగేదాకా అతను దాని మీంచి చూపు తిప్పలేదు.

హెంగారికి ఒక అలవాటుంది. ఒంటరి చెట్టు దగ్గరకు వెళ్లేటప్పుడు బండిని దూరంగా ఆపిస్తాడు. దిగి, టోపీ తీసి, తన పేరూ తన తండ్రి పేరూ గట్టిగా చెబుతాడు. వచ్చామంటాడు. తర్వాత అక్కడే ఎండలో నిలబడతాడు. ఎంతసేపన్నది ఆయన ఇష్టం. ముసలాయన చెట్లకు పెళ్లిసంబంధాలు చూస్తున్నాడని కుర్రగైడ్లు చాటున నవ్వుకుంటారు.

"ఇక్కడ ఆపు," అన్నాడు ఆయన.

"ఈ ఎండలో అంతసేపు ఎందుకు, తాతె? నేను పద్ధతి ప్రకారం చూస్తాగా."

నంగోలో బండిని చెట్టు చుట్టూ మెల్లగా తిప్పాడు. కొమ్మల మీద చూశాడు, చిరుతలు అక్కడే పడుకుంటాయి కనక. కాండం మొదట్లో చూశాడు. అవతలి వైపు చూశాడు. ఇంకోసారి తిప్పాడు.

"ఖాళీ," అని చెట్టుకు కొంచెం ఎడంగా బండి ఆపాడు.

హెంగారి దిగాడు. టోపీ తీశాడు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, వచ్చామన్నాడు. ఆ మాట మైదానంలోకి పోయింది. ఎక్కడా తగల్లేదు.

"ఇంట్లో ఎవరూ లేరు, తాతె," అన్నాడు నంగోలో నవ్వుతూ.

"ఉంటే మాత్రం పలుకుతారా?"

హెంగారి బండి తలుపులు బార్లా తీసిపెట్టాడు. ఒక మడతకుర్చీ తీసుకున్నాడు. దాన్ని నీడలోకి తీసుకెళ్లలేదు. బండి పక్కనే ఎండలో వేసుకుని, చెట్టుకు పక్కవాటుగా, ఎండిన గడ్డి వైపు తిరిగి కూర్చున్నాడు.

నంగోలో చెట్టు మొదట్లో చాప పరిచాడు. భోజనం విప్పాడు. "రండి, తాతె. అక్కడే కూర్చుంటే మెదడు ఉడికిపోతుంది."

"ఉడకనీ. ఇన్నాళ్లూ పచ్చిగానే ఉంది."

నంగోలోకి ఒళ్లు మండింది. ఇది తనకు సరే అనకుండా ఉండటానికి కొత్త దారి అనుకున్నాడు. ఇక బతిమాలదలచుకోలేదు. కాండానికి వీపు ఆనించి తినడం మొదలుపెట్టాడు.

నీడ గొప్పగా ఉంది. చప్పుడు లేదు. రెండు ముద్దలు తిన్నాక అతనికి ఆ చప్పుడు లేకపోవడం వినిపించింది. ఇంత చెట్టు మీద ఒక్క పిట్ట లేదు. ఈగలు మాత్రం ముసురుతున్నాయి. తన పళ్లెం మీదకు కూడా కాదు, చాప చుట్టూ, నేల మీదకు.

"నీడ ఎలా ఉంది?" హెంగారి తల తిప్పకుండానే అడిగాడు.

"స్వర్గంలా ఉంది."

"నేల?"

నంగోలో చాప ఎత్తి కింద అరచెయ్యి ఆన్చాడు. "వెచ్చగా ఉంది."

"నీడలోనా?"

నంగోలో చెయ్యి తీయలేదు. కాండానికి ఆనుకున్న చోటు అది. పొద్దున్నుంచి అక్కడ ఎండ పడలేదు. రెండో చెయ్యి చాచి చాపకు అవతల నేలను ముట్టుకున్నాడు. కుండ అడుగులా చల్లగా ఉంది. మళ్లీ చాప కింద చూశాడు. వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పక్కలా.

ఆ వెచ్చదనానికి ఒక అంచు ఉంది. వేళ్లతో దాని వెంట పోయాడు. అది అతని కన్నా పొడవుంది. చాప పూర్తిగా తొలగించాడు. మెత్తటి దుమ్ములో నున్నటి గుంట. అందులో పొట్టి వెంట్రుకలు, ఇసుక రంగువి. దాని పక్కన ఇంకో గుంట. దాన్ని ఆనుకుని చిన్నచిన్న గుంటలు. కాండం చుట్టూ అలాగే ఉన్నాయి. అందిన గుంటలో చెయ్యి పెట్టాడు. అదీ వెచ్చగానే ఉంది. తర్వాతి దానిలో పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

తల ఎత్తి గడ్డిని చూశాడు. అది మోకాలెత్తు కూడా లేదు. కుందేలు దాక్కోవాలన్నా కష్టమే. ఏమీ కనబడలేదు. హెంగారి మాత్రం అక్కడే ఒక చోటును చూస్తున్నాడు. చూపు మరల్చడం లేదు.

"తాతె."

"ఊఁ."

"పరిగెత్తి రానా?"

"వద్దు. పిలవని పెళ్లిలో భోజనానికి కూర్చున్నావు. ఇంటివాళ్లు వచ్చి నిలబడ్డారు. అప్పుడెలా లేస్తావో అలా లే."

నంగోలో లేచాడు. పళ్లెం వదిలేశాడు, చాప వదిలేశాడు. గడ్డి వైపే మొహం పెట్టి, పక్కకు అడుగులు వేస్తూ బండి దగ్గరకు వచ్చాడు. ఇందాక చాప తీసుకెళ్లినప్పుడు అది కొద్ది దూరమే. అతను ఎక్కాక హెంగారి లేచి, కుర్చీ మడిచి లోపల పెట్టి, తనూ ఎక్కాడు. తలుపులు వేశారు.

నంగోలో చెయ్యి బండి తాళంచెవి మీదకు పోయింది. హెంగారి ఆ చెయ్యి పట్టుకుని తీసి అతని ఒళ్లోనే పెట్టాడు.

ఇద్దరూ ఆ రేకుపెట్టెలో కూర్చున్నారు. చెమట కళ్లలోకి కారుతోంది.

తర్వాత గడ్డి లేచింది. నంగోలో ఇంతసేపూ గడ్డి అనుకుని చూసినదే లేచి నిలబడింది. ఆడసింహం. పక్కటెముకలు తేలి ఉన్నాయి. నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాని వెనక ఇంకొకటి లేచింది. ఆ వెనక పిల్లలు. అవి బండి పక్కనుంచే నడిచాయి. కిటికీలోకి చూడలేదు. హెంగారి కుర్చీ కాళ్లు దిగబడిన గుర్తుల దగ్గర మొదటిది ఆగింది. వాసన చూసింది. ముందుకు పోయింది.

గడ్డిలో అవి పడుకున్న చోటుకూ తాను తిన్న చోటుకూ మధ్యన ఆ కుర్చీ ఉందని నంగోలోకి అప్పుడు కనిపించింది.

సింహాలు నీడలోకి వెళ్లి దేని గుంటలో అది పడుకున్నాయి. ఒక పిల్ల మాత్రం రాలేదు. పెద్దది మళ్లీ ఎండలోకి వచ్చి, దాని మెడ కరుచుకుని తెచ్చింది. ఆ పిల్ల తడిగుడ్డలా వేలాడుతోంది. తల్లి దాన్ని కాండం మొదట్లో, నీడ అన్నిటికన్నా చిక్కగా ఉన్న చోట దించి నాకడం మొదలుపెట్టింది. ఎంత నాకినా అది కదల్లేదు.

నంగోలో చూడలేక తల తిప్పుకోబోయాడు.

"చూడు," అన్నాడు హెంగారి.

చూశాడు. చాలాసేపటికి ఆ పిల్ల ఒక కాలు ముడుచుకుంది. అప్పుడు గానీ హెంగారి బండి తియ్యమనలేదు.

సగం దారి వచ్చాక నంగోలో అడిగాడు.

"అవి అక్కడ ఉన్నాయని మీకు ముందే తెలుసా, తాతె?"

"తెలియదు."

కొంతదూరం పోయాక హెంగారి మళ్లీ అన్నాడు. "తెలియదు కనకే ఎండలో కూర్చున్నాను."

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో హిల్మా నంగోలోని పిలిచింది. గైడ్లందరూ అక్కడే ఉన్నారు. పొద్దుటి కార్యక్రమం అడిగింది, చెప్పాడు. సాయంత్రానిది అడిగింది, చెప్పాడు.

"మధ్యాహ్నం?"

నంగోలో నేల చూశాడు. "ఇంకా తెలియదు, అమ్మా."

"అతిథులు ఎల్లుండి దిగుతున్నారు. ఇప్పుడు తెలియదంటావేమిటి?"

"ఆ రోజు అక్కడికి వెళ్లి చూస్తేగానీ తెలియదు. చోటు లేకపోతే వాళ్లను వెనక్కి తీసుకొచ్చేస్తాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హిల్మా విసుగ్గా హెంగారి వైపు తిరిగింది. "విన్నారుగా, తాతె?"

"విన్నాను," అన్నాడు హెంగారి. "పంపించు."