ట్రాక్టరు ముక్కు కనుక్కున్న మద్దిలేటి

ఊఁ కొడతారా? ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్తా. అనగనగా అంటే రాజులూ రాణులూ కాదు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన కాలం. కుందేటి గట్టున ఒక ఊరు. ఊరికంతా ఒక్కటే పాత ట్రాక్టరు. ఆ ట్రాక్టరు ఈరమ్మవ్వది. దాన్ని తోలేవాడు మద్దిలేటి.

మద్దిలేటి పొట్టిమనిషి. మాట తక్కువ, నవ్వెక్కువ. ఊరి చేలన్నీ దున్నినోడే గానీ, తనకు సెంటు నేల లేదు. పెండ్లాం సుంకమ్మ పోరగా పోరగా ఆ యేడు గుత్తకు, అంటే కౌలుకు, కాస్త నల్లరేగడి పట్టినాడు. "ఈ యేడు మన శనగలు మనం తింటాం" అని సుంకమ్మ కనపడినోళ్లందరికీ చెప్పుకునింది. చెప్పుకోదా మరి!

నల్లరేగడి సంగతి మీకు తెలుసు గదా. వాన వెలిసినాక నేల తడి పదును మీదుండంగానే శనగ వెయ్యాల. పదును ఆరితే నేల నెర్రెలిస్తాది, విత్తనం మొలవదు. ఆ యేడు దసరా పోంగానే మంచి పదును. ఊరంతా ట్రాక్టరు వెనక కట్టి విత్తనం వేసే గొర్రు కోసం కాసుకొని కూచునింది. ఆ ఊళ్లో వరస ఏమంటే, ముందు పెద్దోళ్ల చేలు, తర్వాత చిన్నోళ్ల చేలు, అందరికంటే కడాన తోలేవాని చేను. మద్దిలేటి సరేనన్నాడు. వండి పెట్టినోళ్లు కడాన తినరా, ఇదీ అంతే అనుకున్నాడు.

ఇంక ఈరమ్మవ్వ భక్తి చెప్పాల. ఆయుధపూజ నాడు ఎవరైనా బండికి మూడు బొట్లు పెడతారు. ఈ అవ్వ పెండ్లికూతురికి నలుగు పెట్టినట్టు పెడతాది. చక్రాలకు పసుపు, స్టీరింగుకు పసుపు, బానెట్టు నడినెత్తిన ఉండే డీజిలు మూతకు అయితే చెప్పనే పన్లేదు. "ఇది కూడు తినే నోరు, నిండుగా ఉండాల" అని పిడికెడు పసుపు మెత్తింది.

పండగ పోయినాక పొద్దున్నే మద్దిలేటి గొర్రు కట్టి పెద్దోళ్ల చేలోకి తోలినాడు. బాగానే పోయింది. ఎండ ఎక్కింది, ఇంజిను కాగింది. అంతే! గుర్రుగుర్రుమని, గుక్క తిప్పుకోలేక నిలబడిపాయ. చల్లారేదాకా కూచొని సెల్ఫు కొడితే కదిలింది. ఇంత దూరం పోయి మళ్లీ నిలబడింది.

"నీళ్లు చాల్లేదు" అన్నాడు ఒకడు. రేడియేటరు నిండా పోసి, జాలీలో ఇరుక్కున్న పొట్టు దులిపినారు. ఇంజిను కాగింది. గుర్రుగుర్రుమని, గుక్క తిప్పుకోలేక నిలబడిపాయ.

"డీజిల్లో చెత్తుంటాది" అన్నాడు ఇంకొకడు. ఫిల్టరు మార్చినారు, పైపు ఊదినారు. ఇంజిను కాగింది. గుర్రుగుర్రుమని, గుక్క తిప్పుకోలేక నిలబడిపాయ.

"దిష్టిరా, దిష్టి!" అన్నాడు మూడోవాడు. ఈరమ్మవ్వ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. చాలదన్నట్టు మూత మీద ఇంకో పిడికెడు పసుపు మెత్తింది. ఈసారి ఇంజిను కాగిందో లేదో, గుక్క తిప్పుకోలేక నిలబడిపాయ.

"ముసల్దైపాయ, తుక్కుకెయ్యండి" అనబట్టిరి జనం. ఆ పక్క పదును ఆరతా ఉంది. సుంకమ్మ పొద్దున్నే చేనికి పోయి, గుప్పెడు మన్ను తీసి పిసికి చూసేది. మొదట్లో ముద్ద కట్టేది. రానురాను పైమన్ను పొడి రాలబట్టింది. ఆ మన్ను తెచ్చి మొగుని చేతిలో పోసి తన పనికి పోయేది. తిట్టినా బాగుండునని అనుకుంటా మద్దిలేటి మళ్లీ బండి కాడికి పోయేవాడు.

మద్దిలేటికి ఒక అలవాటు. బండి ఆగితే తిట్టడు, తన్నడు. మీద చెయ్యేసి "ఏమైందే తల్లీ?" అని అడుగుతాడు. ఒకనాడు మిట్టమధ్యాన్నం బండి నిలబడితే అట్లనే అడిగినాడు. డీజిలన్నా ఉందో లేదో చూద్దామని మూతకు తుండుగుడ్డ చుట్టి తిప్పినాడు. పసుపు ఎండి బిగుసుకొనుంది. బలంగా తిప్పంగానే లోపల "స్స్స్" అని గాలి పీల్చుకునింది, ఏడ్చేడ్చి పసిబిడ్డ ఎగపీల్చినట్టు.

మద్దిలేటి ఉలిక్కిపడినాడు. డీజిలుంది. మూత పెట్టి సెల్ఫు కొట్టినాడు. ఇంజిను మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేట్టుంది, అయినా బండి లేచింది! "ఓరి నీ పాసుగూలా! అట్లయితే ఇది ఇంజిను కాకతో వచ్చిన రోగం కాదు గదా" అనుకున్నాడు. ఇంత దూరం పోయి నిలబడితే మూత తీసినాడు. స్స్స్ అనింది, లేచింది. మూడోసారీ అంతే.

మూత తిరగేసి చూస్తే లోపలి పక్క చీపురుపుల్ల పట్టేంత బెజ్జం. పైపక్క పసుపు కప్పేసుంది. డీజిలు తగ్గే కొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి పోవాల. పోకుంటే లోపల బిగబట్టుకొని డీజిలు కిందికి దిగదు. బండి ఆగి ఉన్నంతసేపు సందుల్లోంచి రవ్వంత గాలి చేరితే మళ్లీ కదుల్తాది. జనమేమో చల్లారి కదిలిందనుకున్నారు.

తెలిసె, సరే. తుడిచేదెట్ల? పెద్దామె పెట్టిన దసరా పసుపు. దానంతటది రాలాలే గానీ తుడిస్తే ఇంటికి కీడని ఊరి నమ్మకం. మూత వదులుగా పెడదామంటే దుమ్ము. మద్దిలేటి మూత చేతబట్టుకొని అవ్వ ఇంటికి పోయినాడు.

"అవ్వా, గుళ్లో సుంకులమ్మ తల్లి మొగానికి పసుపు పూస్తావు గదా?"

"పూస్తా. ఏటేటా నా చేత్తోనే పూస్తా. ఏం?"

"ముక్కులో గూడా కూరతావా?"

"ఛీ, ఏం మాటరా అది! తల్లికి ఊపిరాడొద్దూ?"

"ఇది మన ట్రాక్టరు ముక్కు అవ్వా. నోరు కాదు."

అవ్వ మూత అందుకునింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. వెలుగుకు పట్టి చూసింది. "అయ్యో నా తల్లీ, నీ ముక్కు మూసింది నేనా!" అని చెంపలేసుకునింది. కొంగుతో తనే తుడిచింది, చీపురుపుల్లతో తనే పొడిచింది. అంతలోనే నవ్వొచ్చి, నవ్వి నవ్వి కండ్లనీళ్లు పెట్టుకునింది.

మూత బిగించినారు. ఎండలో బండి పోతా ఉంటే అవ్వ గట్టు మీద నిలబడి చూసింది. ఆగలేదు. పెద్దోళ్లు "నా చేను ముందంటే నా చేను ముందు" అని ఎగబడినారు.

"ఆగండ్రా!" అనింది అవ్వ. "ముందు మద్దిలేటి చేను."

"అదేంది పెద్దమ్మా? తోలేవాడు కడాన గదా, ఎప్పట్నుంచో ఉండే వరస?"

"మీ గాదెల్లో పోయినేటి గింజలున్నాయి. పదును తప్పితే మీకు ఒక పంట పోతాది, వీనికి కూడు పోతాది. బండి నాది. మాట నాది. పదరా మద్దిలేటీ!"

మద్దిలేటి ఒక్క దూకున సీటెక్కినాడు. సుంకమ్మ చెంగున గొర్రు మీదికెక్కి విత్తనం పోసింది. అడుగున మిగిలిన పదును ఆరకముందే ఊరి చేలన్నిట్లో వరసగా విత్తనం పడింది. ఆ యేడు శనగ విరగకాసింది. సుంకమ్మ ఇంటింటికీ చేటలో వేయించిన శనగలు తీసుకపోయి "మా చేనివి, మా చేనివి" అని పెట్టొచ్చింది.

మద్దిలేటి చాన్నాళ్లు బతికినాడు. పండు ముసలోడై, కడుపు నిండా తిని, పడుకున్నోడు పడుకున్నట్టే పోయినాడు.

ఆ పక్క ఊళ్లలో ఇప్పటికీ ఆయుధపూజ నాడు డీజిలు మూతకు పసుపు పెట్టరు. ఉఫ్ అని ఊది, "మద్దిలేటి బెజ్జం" అని వదిలేస్తారు. ఎవరన్నా కోపం దిగమింగుకొని ముడుచుకొని కూచుంటే "మూత తియ్యి నాయనా, గాలాడనీ" అంటారు.

శనగ విత్తే కాలమొస్తే గొర్రు ముందు తోలేవాని చేనికే పోతాది. వానికి చేను లేకుంటే వాని ఇంటి ముందర ఆగుతాది. వాని పెండ్లాన్ని పిలిచి, గడప పక్కన మన్నులో పిడికెడు శనగలు వెయ్యమంటారు. ఆయమ్మ వేసి మన్ను కప్పినాకే, ఎంత పెద్దోళ్ల చేలోకైనా ట్రాక్టరు దిగేది.