దస్తగిరి గుండె

మోహనరంగ డాక్టరు చదువు పూర్తిచేసి, పెద్ద డాక్టరు యశోదమ్మ గారి దగ్గర వార్డులో పని నేర్చుకుంటున్నాడు. ఆ ఉదయం అతను మంచి హుషారు మీదున్నాడు. సన్నాయి వాయించే ముసలాయన దస్తగిరికి వచ్చింది న్యుమోనియా అని, ఎక్స్‌రే రాకముందే వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చెప్పింది తనే. మందులు పనిచేశాయి. జ్వరం దిగింది.

"ఈరోజు ఇంటికి పోవచ్చు తాతా" అని మాట కూడా ఇచ్చేశాడు. దస్తగిరి భార్య కాశీంబీ అప్పుడే సంచి సర్దేస్తోంది.

అంతలో యశోదమ్మ గారు వచ్చి రక్తపరీక్ష చూశారు.

"ట్రోపోనిన్ పెరిగిందే?"

గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది అది.

"చూశాను మేడమ్. ఈసీజీలో గుండెపోటు లేదు. ఛాతీలో నొప్పి లేదు. జబ్బు ఊపిరితిత్తులది, అది తగ్గుతోంది. ఇక గుండె సంగతి మనకెందుకు?"

యశోదమ్మ గారు, కాశీంబీ బోండాంతో పాటు తెచ్చిన కొత్త స్ట్రా అడిగి తీసుకుని, మోహనరంగ చేతికిచ్చారు.

"ముక్కు మూసుకుని, దీంతోనే ఊపిరి పీలుస్తూ పై అంతస్తు దాకా పోయి రా నాయనా."

"మా సన్నాయివాళ్లలా బుగ్గల్లో గాలి దాచుకోండి సార్!" అన్నాడు దస్తగిరి మంచం మీద నుంచి. వార్డంతా నవ్వింది.

తిరిగొచ్చేసరికి మోహనరంగ ముఖం కందగడ్డలా ఉంది. స్ట్రా ఎప్పుడో ఊడిపోయింది. గోడకు ఆనుకుని, దడదడలాడే గుండె మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతున్నాడు.

"మూసింది ముక్కు కదా," అన్నారు యశోదమ్మ గారు. "చెయ్యి అక్కడెందుకు పెట్టుకున్నావు?"

అతను తన చేతి వంక చూసుకున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక దస్తగిరి పక్కన కూర్చున్నాడు.

"తాతా, తొందరపడి చెప్పాను. ఇంకా కొన్నాళ్లు ఉండాలి. ఊపిరి అందక నీ గుండె కూడా అలిసిపోయింది."

ముసలాయన ముఖం చిన్నబోయింది. కాశీంబీ మాత్రం సంచిలోంచి దుప్పటి తీసి మళ్లీ పరిచింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ దస్తగిరి గుండె లయ తప్పింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మోహనరంగ పక్క మంచం దగ్గరే ఉన్నాడు. పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టాడు, మందు ఎక్కించాడు, గుండె దారికొచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. సాయంత్రానికి ముసలాయన కళ్లు తెరిచి, "నా అన్నం ఏదీ?" అన్నాడు. కాశీంబీ ఏడుస్తూనే నవ్వేసింది.

ఇంటికి వెళ్లేనాటికి పరీక్షలన్నీ బాగున్నాయి. దస్తగిరి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, మోహనరంగను గట్టిగా కావలించుకున్నాడు. అతని చెవి ముసలాయన ఛాతీకి ఆనింది. అతను వింటూ అలాగే ఉండిపోయాడు. ఎంతకీ తల ఎత్తడం లేదు.

యశోదమ్మ గారు నవ్వారు.

"ఇక వదులు నాయనా, ఆయన ఇంటికి పోవాలి."