మంచెల మీది కేక

నవ్వకు, నీకే చెబుతున్నాను. చెవిన పడ్డ మాట ఎప్పటిదో, ఎక్కడిదో చూడకుండా పక్కవాడి చెవిలో వేసేదాకా నీకు నిద్ర పట్టదు. పెంచలయ్యదీ అదే జబ్బు. వాడి గతేమైందో విను.

ఓబులయ్య కొడుకులు పెంచలయ్య, మాల్యాద్రి, కొండయ్య. జొన్నచేలో మూలకో మంచె, మంచెకో కొడుకు. పిట్టల్ని తోలుతూనే, కబురేదైనా ఉంటే మంచె నుంచి మంచెకి కేకేసి చుట్టుపక్కల పల్లెలకి అందించేవాళ్లు.

"తెలివంటే మా ఇంటిదే. కాలు కదపకుండా కబురు పంపుతాం!" అని పెంచలయ్య మీసం దువ్వేవాడు.

ఓబులయ్య ముందే చెప్పాడు. "ఒరే, కబురు కావలసిన పల్లె గడకి గుడ్డ కడుతుంది. గుడ్డ ఉన్నవైపే కేకెయ్యండి. దారి చీలేచోట ఒక కేకని రెండు చెయ్యండి. మనింటి వైపు నుంచి వచ్చిన కేకే అందుకోండి. చుట్టూ తిరిగి మళ్లీ వస్తే వదిలెయ్యండి."

తండ్రి అటు వెళ్లగానే పెంచలయ్య తమ్ముళ్లతో అన్నాడు: "వచ్చిన కేకని వదిలెయ్యడమేంట్రా, మర్యాదేనా? ఎటునుంచి వచ్చినా ముందుకి తోసెయ్యండి."

ఎన్నో సంబంధాలు తప్పిపోయాక పెంచలయ్యకి తూర్పుపల్లె తిరుపాలు కూతురు రవణమ్మతో పెళ్లి కుదిరింది. మూఢం వచ్చేస్తోందని అయ్యవారు ముహూర్తం ముందుకి జరిపాడు. ఓబులయ్య గడపలోంచి అరిచాడు: "పెంచలయ్య పెళ్లి, రేపే రండి!"

పెంచలయ్య పొంగిపోయి తమ్ముళ్లిద్దరికీ అందించాడు. మాల్యాద్రి మంచె దగ్గర దారి రెండుగా చీలుతుంది. కేకని రెండు చెయ్యమన్నారు కదా, నడిమికి విరిచాడు. ఒక పల్లెకి "పెంచలయ్య పెళ్లి!" రెండో పల్లెకి "రేపే రండి!" కొండయ్య తూర్పుపల్లెకి అరిచి, వాగొడ్డున ఆరేసిన బట్టలు చూశాడు. గుడ్డ ఉన్నవైపు కేకెయ్యమన్నారు కదా! ఇంకేముంది, చీరకోసారి, పంచెకోసారి, గోచీగుడ్డని కూడా చిన్నబుచ్చకుండా పెళ్లికి పిలిచాడు. ఆ కేక మాల్యాద్రికి వినబడింది. వాడు పెంచలయ్యకి తోశాడు, పెంచలయ్య కొండయ్యకి తోశాడు. అంతే, కేక గానుగెద్దులా తిరుగుతూనే ఉంది.

తెల్లవారింది. "రేపే రండి" మాత్రమే విన్న పల్లె కోతలనుకుని కొడవళ్లతో ఓబులయ్య చేలో దిగి, పాలకంకుల్ని కోసి కుప్పవేసింది. తిరుపాలు కూతుర్ని బండెక్కించాడో లేదో, కొండయ్య కేక వినబడింది: "పెంచలయ్య పెళ్లి, రేపే రండి!"

"ఇంకా రేపేనట. దిగమ్మా" అన్నాడు తిరుపాలు.

ఇక్కడ పెంచలయ్య పసుపు మొహంతో, బాసికంతో మంచె దిగకుండా అరుస్తున్నాడు.

"ఒరే, పెళ్లి ఇవాళరా!"

"అదెట్టా నాన్నా? మాల్యాద్రి ఇప్పుడే రేపే అన్నాడు."

"నిన్నటి నా కేకేరా అది!"

"పాతదైతే బొంగురుగా ఉండాలి కదా? ఇది గణగణలాడుతోంది."

ఓబులయ్య నెత్తి బాదుకుని మంచెక్కి, గొంతు చించుకుని, "ఆపండిరా!" అని అరిచాడు.

ఆపితే ఇంకేం? దాన్నీ అందుకున్నారు. "ఆపండిరా! ఆపండిరా!" అని పల్లెపల్లెకీ తోశారు. తూర్పుపల్లెలో తిరుపాలుకి ఒళ్లు మండింది.

"నిన్న రేపన్నారు, ఇవాళా రేపన్నారు, ఇప్పుడు ఆపమంటారా? నా కూతురికి నా మేనల్లుడున్నాడు, మూఢం రాకముందే కానిచ్చేస్తా!" అని అక్కడికక్కడే పుస్తె కట్టించేశాడు.

సాయంత్రానికి తూర్పు నుంచి కేక వచ్చింది: "రవణమ్మ పెళ్లైపోయింది!"

పెంచలయ్య ఎగిరి గంతేసి అన్ని వైపులా దాన్ని తోసి, మంచె దిగి ఇంటికి పరుగెత్తాడు.

"నాన్నా! రవణమ్మ పెళ్లి నాతోనే కదా. ఆమె పెళ్లైందంటే నాదీ అయినట్టే! ఆకులెయ్యండి!"

తండ్రి మాటని గాలికొదిలినందుకు వాడికి పంటా దక్కలేదు, పెళ్లామూ దక్కలేదు. జుట్టు నెరిసినా వాడు రోజూ రెండు విస్తళ్లు వేసుకుని కూర్చుంటాడు.

"కొండయ్యా, మీ వదిన ఇంకా రాలేదేంట్రా?"

"రేపేనంట అన్నయ్యా!"

పెంచలయ్య లేచి, మాల్యాద్రి వైపు తిరిగి ఆ మాటే కేకేస్తాడు.