రిబ్బను కట్టిన తలుపు

ముందు గాలి లేచిందో, ముందు నీళ్ళు వచ్చాయో వరస తప్పుతానేమో గానీ, జరిగింది మాత్రం ఇదే.

ఉప్పుదిబ్బ అనే సముద్రపొడ్డు ఊళ్ళో, పైనుంచి కాగితం రానిదే వేలు కూడా కదపని శేషగిరి అనే తహశీల్దారు ఉండేవాడు. ఒంటరివాడు. ఆఫీసు వెనక గదిలోనే కాపురం. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే నాంచారమ్మ తప్ప, పని లేకుండా ఆయనతో మాట్లాడేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆమె ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి. మెతుకులు కెలక్కుండా తినమని ఆయన్ని గదమాయించేది. ఆ గదమాయింపు శేషగిరికి ఇష్టం. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడాదే ఊరి చివర మెరక మీద తుఫాను భవనం కట్టారు. అయిదువందల మంది తలదాచుకోవచ్చు. శుక్రవారం మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలి. తలుపుకు ముందే రిబ్బను కట్టి, అప్పటిదాకా గోడలు మాయకూడదని తాళం వేసి, తాళంచెవి శేషగిరి తన జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం ఉదయం రేడియోలో తుఫాను హెచ్చరిక వచ్చింది. శేషగిరి జిల్లా ఆఫీసుకు ఫోను చేశాడు. కలెక్టరు అయ్యగారు మంత్రిగారి పర్యటన ఏర్పాట్లలో ఉన్నారన్నారు. మళ్ళీ చేస్తే, కాగితం పంపిస్తాం, అంతవరకూ ఆగమన్నారు. ఆయన ఆగాడు.

మధ్యాహ్నం నాంచారమ్మ తడిసి ముద్దయి వచ్చింది. క్యారేజీ బల్లమీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

“బాబుగారూ, ఆ తాళం తీయించండి. మా పాకలు ఈ గాలికి ఆగవు.”

“ప్రారంభోత్సవం కాలేదు నాంచారమ్మా. కాగితం రానీ.”

“తుఫానుక్కూడా కాగితం వచ్చాకే రమ్మని చెప్పారా?”

ఆయనకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. “అన్నం చల్లారిపోద్ది, తినండి” అని వెళ్ళిపోయింది. పాకల్లోని జనమంతా పాత ఉప్పు గోదాములో దూరారు.

కాసేపటికి ఫోను మూగబోయింది. మూడు గంటలకల్లా సముద్రం ఆఫీసు మెట్లెక్కింది. అప్పుడు శేషగిరి కాగితం సంగతి మరిచి పరుగెత్తాడు. రిబ్బను చేత్తో తెంచి, తాళం తీశాడు. తలుపు దగ్గర నిలబడి, రండి రండి అని గొంతు చించుకున్నాడు. గోదాముకూ మెరకకూ మధ్య అప్పటికే నీళ్ళు. ఆయన కేక ఎవరికీ వినబడలేదు. అయిదువందల మంది పట్టే హాల్లో ఒక్కడే కూర్చున్నాడు. ఆయన దగ్గు ఆయనకే తిరిగి వినబడేది.

తెల్లారి నీళ్ళు తీశాయి. గోదాము గోడ కూలి పద్దెనిమిది మంది పోయారు. వాళ్ళలో నాంచారమ్మ ఉంది.

గురువారం కాగితం వచ్చింది. అవసరమైతే భవనం తెరవవచ్చునని అందులో ఉంది. శేషగిరి దాన్ని మడిచి బల్లమీద పెట్టాడు. పక్కనే బురద పట్టిన క్యారేజీ. ఫోను వదిలి కదలక ఆయన ముట్టని అన్నం అందులో అలాగే ఉంది. మధ్యాహ్నం దాటేదాకా గుమ్మం వంకే చూశాడు. ఎవరూ రాలేదు.

విచారణకు వచ్చిన పెద్దలు, కాగితం ఆలస్యమైంది గనక ఎవరి తప్పూ లేదన్నారు. శేషగిరి లేచి, “తాళంచెవి నా జేబులోనే ఉందండీ” అన్నాడు. ఆ మాట వాళ్ళు రాసుకోలేదు.

ఈమధ్య నాకు మరుపెక్కువైంది, ఈ పేర్లు సరిగ్గా రాశానో లేదో మా చెల్లెలి కూతురు సుభాషిణి ఒకసారి చూడాలి. నీతి మాత్రం నేను మరిచిపోయేది కాదు: ఆపదలో ఉన్నవాళ్ళకు తలుపు తీయడానికి, తాళంచెవి చేతిలో ఉన్నవాడు ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు.