పదహారు గుర్రాల రథం, ఎనిమిది పడవలు

ఒకానొక రాజ్యంలో బాట కన్నా వెడల్పైన రథం ఒకటి తయారైంది. ఆ రాజ్యం పేరు జలకంఠపురం. రథం పెద్దదైందా, బాట చిన్నదైందా అని దారిన పోయేవాణ్ణి ఎవరినడిగినా రథమే పెద్దదని చెబుతాడు. ఆ రాజ్యాన్నేలే విజృంభవర్మ మాత్రం తప్పంతా బాటదేనన్నాడు.

రథానికి పదహారు గుర్రాలు. నిలువెత్తు చక్రాలు. ముందు ఒక కంచు గంట. ఆ గంట మోగితే జనం చేతిలో పని వదిలేసి పక్కకు దూకాలి. అంత హంగూ చేసుకుని తీరా రథం కోట దాటేసరికి, ఒక చక్రం బాట మీదా, రెండోది చెట్ల వేళ్ళ మీదా ఎక్కి రాజుగారి నడుం పట్టేసింది. కోట నుంచి కానుగరేవు దాకా నాలుగు కోసుల బాట అది. ఒక పక్క పొలాలు. రెండో పక్క వరసగా కానుగ చెట్లు, వాటిని ఆనుకుని పడవల కాలువ.

మర్నాడు నడుముకు పట్టు వేయించుకుని రాజుగారు సభకు వచ్చారు.

"ఆ కాలువ పూడ్చేయండి. చెట్లు కొట్టేయండి. ఆ చోటంతా బాటలో కలిపేయండి," అన్నాడు.

సభలో ఓ మూలన పేరయ్య కూర్చుని ఉన్నాడు. పేరయ్య రాజుగారి ఆజ్ఞలు రాసిపెట్టే రాయసగాడు. ముప్పై ఏళ్ళుగా ఎన్నో వింత ఆజ్ఞలు రాశాడు. ఒకసారి కాకులు కోట మీదుగా ఎగరకూడదని కూడా రాశాడు. కానీ ఈ మాట వినేసరికి చేతిలో గంటం జారి కింద పడింది. పోయేది మామూలు కాలువా! రాజుగారి ముత్తాత తవ్వించిన కాలువ. ఊరి అన్నం ఆ నీళ్ళ మీదే వస్తుంది.

"అమోఘం ప్రభూ!" అన్నాడు మంత్రి దండపాణి. రాజుగారు తుమ్మినా ఆ మాటే అంటాడు లెండి.

"నిన్న స్వయంగా చూశాను," అన్నాడు రాజు. "కాలువలో చప్పుడు లేదు, దుమ్ము లేదు, అరుపుల్లేవు. మూడు జాములు చూస్తే ఎనిమిది పడవలు కనపడ్డాయి. అందులోనూ చుక్కాని పట్టినవాళ్ళు కునుకుతున్నారు. ఎనిమిది పడవలకి అంత చోటా? ఎల్లుండి నేనే రథంలో కానుగరేవుకు వెళ్ళి తొలి తట్ట మన్ను వేస్తాను."

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. నీళ్ళున్న చోటు ఏదైనా పూడ్చాలంటే ముందు రాజు తన చేత్తో తట్టెడు మన్ను వేయాలి. ఆ తట్ట పడిందా, ఇక ఎవరూ ఆపలేరు.

"దీనికి అడ్డు చెప్పేవాడుంటే లేవండి," అన్నాడు రాజు. "వాణ్ణి నా రథం ముందు పరుగెత్తిస్తాను, దారి చేయడానికి."

ఎవరూ లేవలేదు. పేరయ్య మాత్రం వంగి గంటం అందుకున్నాడు.

"మహాప్రభూ, పడవలు ఎప్పటినుంచి ఆపమంటారు?"

"ఎల్లుండి తెల్లవారినప్పటినుంచే. ఒక్క పడవ కదిలిందంటే ఊరుకోను."

"మరి వాటిలో వచ్చీ పోయే సరుకు?"

"బాట మీద రానీ, పోనీ! ఎంత సరుకయ్యా అది? ఎనిమిది పడవలంటే ఎనిమిది బళ్ళు."

"ఈ మాట ఇలాగే రాయమంటారా?"

"పొల్లుపోకుండా రాయి."

పేరయ్య పొల్లుపోకుండా రాశాడు. రాజముద్ర పడింది.

ఆ సాయంత్రం అతను కానుగరేవుకు వెళ్ళేసరికి కబురు తనకన్నా ముందే చేరింది. పడవవాళ్ళు ఒడ్డున బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. పడవల పెద్ద నూకాలు పేరయ్యను చూసి లేచింది. తాడు పట్టి పడవ లాగి లాగి కాయలు కాచిన చేతులామెవి.

"నిజమేనా బాబుగారూ? ఈ నీళ్ళు పూడ్చేత్తారా? మా పడవలు పొయ్యిలోకేనా?"

"నిజమే నూకాలూ. విన్నప్పటినుంచి నాకూ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"మరి తమరు అక్కడే ఉండి ఓ మాటైనా అనలేకపోయారా?"

ఆ మాట పేరయ్యకు సూటిగా తగిలింది. తలొంచుకునే అన్నాడు, "అనడం కన్నా చూపించడం మేలనిపించింది. ఎల్లుండి పడవల్లో ఎక్కించాల్సిన సరుకంతా, బస్తా కూడా తగ్గకుండా, బళ్ళకెత్తించు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ బళ్ళు నేను పంపిస్తాను. రేవు నుంచి కోటకు పోయేవి రేవు నుంచీ, కోట నుంచి రేవుకు వచ్చేవి కోట నుంచీ, వేళకు బయల్దేరాలి. నీ పడవ మాత్రం రేపే తెచ్చి సగం దారిలో, కాలువ ఒడ్డున కానుగ చెట్ల కింద కట్టు."

"మా పీక మేమే కోసుకోమంటారేటండీ?"

"రాజుగారి ఆజ్ఞ ఆచరించమంటున్నాను, అంతే."

నూకాలుకు అర్థం కాలేదు. అయినా సరేనంది.

ఆ రోజు రానే వచ్చింది. రాజుగారు కిరీటం పెట్టుకుని, వెండి తట్ట పక్కన పెట్టుకుని రథమెక్కారు. వెనక గుర్రం మీద మంత్రి, రథం అంచున పేరయ్య. గంట గణగణా మోగింది. కుదుపులతోనే అయినా రెండు కోసులు అడ్డు లేకుండా సాగింది ప్రయాణం.

అక్కడ ఎదురుగా ఒక గడ్డి బండి కనిపించింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక వడ్ల బండి. ఆ వెనక కట్టెల బండి. చూపు ఆనినంత దూరం బళ్ళే.

గంట మోగించారు. జనమైతే దూకుతారు గానీ పది బస్తాలు మోసే ఎడ్లు ఎక్కడికి దూకుతాయి? పైగా ముందు బండిలో ఉన్నది రాజుగారి గుర్రాలకు రోజూ వచ్చే గడ్డే. పదహారు గుర్రాలూ దాన్ని గుర్తుపట్టాయి. అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాయి.

"రథం వెనక్కి తిప్పు!" అని అరిచాడు రాజు.

సారథి వెనక్కి చూసి తెల్లబోయాడు. వెనక కూడా బళ్ళే. ఉప్పు, కుండలు, నూనె. కోట నుంచి రేవుకు పోయేవి.

"దండపాణీ! పోయి దారి చేయించు!"

పాపం మంత్రి రథం ముందు పరుగెత్తాడు. ఆ పరుగు ఎవరికోసం చెప్పిన శిక్షో పేరయ్యకు గుర్తుంది. ఆయన కుచ్చుల తలపాగా బళ్ళ మధ్య కాసేపు కనిపించి, తరవాత కనిపించలేదు.

ఎండ మండిపోతోంది. గొడుగు పట్టేవాడు ఉప్పు బళ్ళ వెనక ఎక్కడో ఇరుక్కుపోయాడు. రాజు రథం దిగి, కొట్టేయమన్న కానుగ చెట్టు కిందికే పోయి నిలబడ్డాడు. మన్ను వేయాల్సిన ముహూర్తం దాటిపోయింది.

"పేరయ్యా," అన్నాడు నీరసంగా. "ఇన్ని బళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?"

"కాలువలోంచి ప్రభూ. పడవ రెండొందల బస్తాలు మోస్తుంది. బండి పది మోస్తుంది. ఎనిమిది పడవలూ ఒడ్డెక్కితే నూట అరవై బళ్ళయ్యాయి."

"రోజూనా?" అన్నాడు రాజు.

"రోజూనే. పడవలు మేత అడగవు. ఈ మూడొందల ఇరవై ఎడ్లూ అడుగుతాయి. ఆ మేత తేవడానికి మళ్ళీ బళ్ళు, ఆ బళ్ళ ఎడ్లకు మళ్ళీ..."

"చాలు! బాట ఇంకా వెడల్పు చేయిస్తే?"

"చేయిద్దాం మహాప్రభూ. కాలువ ఎలాగూ పోతోంది కనక ఈసారి పొలాలు కలిపేద్దాం. అప్పుడిక వడ్లే పండవు. బళ్ళు రావలసిన పనే ఉండదు. తమ రథం ఒక్కటే హాయిగా తిరుగుతుంది."

రాజు పొలాల వైపు చూశాడు. వెండి తట్ట వైపు చూశాడు. తన చేత్తో ఏం చేయబోయాడో అప్పుడు తెలిసింది ఆయనకు.

"నన్ను ఇంటికి చేర్చవయ్యా," అన్నాడు.

"పడవ ఉంది ప్రభూ, ఇక్కడే. కానీ ఒక్క పడవ కదిలినా ఊరుకోనని తమ ఆజ్ఞ."

"ఆ ఆజ్ఞ రద్దు! చెట్ల మాట రద్దు! పూడ్చే మాట రద్దు! రాసుకో!"

పేరయ్య రాసుకున్నాడు. రాజుగారు తన ఉంగరంతో ముద్ర వేసేదాకా ఆగి, అప్పుడు పడవ దగ్గర కాచుకుని ఉన్న నూకాలును పిలిచాడు. ఆజ్ఞ రద్దయిందని విని ఆమె ఒడ్డునే కూలబడి ఏడ్చేసింది. తరవాత లేచి, ముంతెడు మజ్జిగ రాజుగారి చేతికిచ్చి, తాడు భుజానికెత్తుకుంది.

పడవ చప్పుడు లేకుండా సాగింది. ఒడ్డున నూట అరవై బళ్ళూ, రథమూ, ఎక్కడో మంత్రిగారూ వెనకబడిపోయారు. రాజుగారు కాసేపు చూసి, పడవ ఊగేలా పకపకా నవ్వాడు.

"నన్ను నా మాటతోనే కట్టేశావు కదయ్యా! ఏం కావాలో అడుగు."

"ఆ రథం ఇప్పించండి ప్రభూ."

"రథమా! నువ్వేం చేసుకుంటావు?"

"ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచుతాను. మళ్ళీ కదపను."

రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు. ఆగిన చోటే కాస్త బాట పక్కకు జరిపిన ఆ రథంలో చలివేంద్రం వెలిసింది. జనాన్ని తప్పుకోమని మోగిన గంట ఇప్పుడు ఎండవేళ మజ్జిగ తాగడానికి రమ్మని మోగుతుంది. కాలువ మీద ఎనిమిది పడవలూ వస్తూ పోతూనే ఉన్నాయి. చుక్కాని పట్టినవాళ్ళు ఇప్పటికీ కునుకుతూనే ఉంటారు, వాళ్ళను మాత్రం ఎవరూ లేపరు.