సూర్యుడికి కనపడని గట్టు

నీళ్లు రావని గూడెంవాళ్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? వకుళకు పొద్దుటినుంచీ అదే దిగులు. కొండమీది ఊట నీళ్లు గొట్టాల్లో వాటంతటవే గూడేనికి దిగేలా డిజైను చేసే పని, ఇంజినీరింగు నేర్పిన పరాంకుశం మాస్టారు ఆమెకు అప్పగించారు. మోటారు పెడదామంటే అక్కడ కరెంటు నిలవదు. ఆడవాళ్లు బిందెలతో కొండెక్కి దిగుతూనే ఉన్నారు. తీరా చూస్తే దారిలో ఒక గట్టు అడ్డం. ఊట కంటే గట్టే ఎత్తు.

"కుదరదు మాస్టారూ," అంది, లాప్‌టాప్ ఆయనవైపు తిప్పి. "ఉపగ్రహం కొలిచిన ఎత్తులన్నీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి దింపాను. కొండంతా ఇందులోనే ఉంది."

"సరిచూశావా?"

"ఒకటికి పదిసార్లు."

పిల్ల పనిమంతురాలే. కాకపోతే, తెరమీద కొండను వేలితో గిరగిరా తిప్పగలిగాక, కాళ్లతో ఎక్కడం ఎందుకనిపిస్తుంది ఎవరికైనా. ఆమెనొక్కదాన్నే అని ఏం లాభం!

మాస్టారు క్యారియర్ అందుకుని, "పద, ఆ గట్టుమీద కూచుని తిందాం," అన్నారు.

ఎండ మాడు పగలగొడుతోంది. వకుళ లోలోపల సణుక్కుంటూనే ఎక్కింది. గట్టుమీద కాఫీ తోట. కాఫీ మొక్కలకు నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు తాటిచెట్లంత ఎదిగి, కొమ్మాకొమ్మా కలుపుకుని నిలబడ్డాయి. మాస్టారు తువ్వాలు పరిచి, పులిహోర వడ్డించారు.

"ఎండ తగులుతోందా అమ్మాయ్?"

"లేదు మాస్టారూ. హాయిగా ఉంది."

"సూర్యుడికే కనపడకుండా కూచున్నాం. ఈ నేల నీ ఉపగ్రహానికి కనపడిందంటావా?"

వకుళ తలెత్తి చూసింది. పైన ఆకులే తప్ప ఆకాశం లేదు. తను గట్టు ఎత్తనుకుని గీసిన గీత ఎక్కడుందో అప్పుడు తెలిసింది. చిటారు కొమ్మన ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెనకే ప్రాణం లేచొచ్చింది.

"అయితే అది అబద్ధం చెప్పిందా?"

"పాపం, దానికి కనపడింది అది చెప్పింది. చెట్టు కొనను అడిగి నేల ఎత్తు రాసుకున్నది మనం."

సాయంత్రం గూడెంలో, కొండెక్కి నీళ్లు మోసే ఆడవాళ్లలో ఒకావిడ, బుద్రి, ఎదురొచ్చింది. నెత్తిన బిందె అలాగే ఉంది.

"నీళ్లొత్తాయేటమ్మా?"

"ఇంకా తెలీదు అత్తా. పొద్దున్నే ఎత్తులు చూసే లెవెల్ పరికరం పట్టుకొచ్చి గట్టు నేలంతా కొలుస్తాను. కొలిచాకే చెబుతాను."

"తుప్పలడ్డం కదా. కత్తి నేను తెత్తాను," అంది బుద్రి.

వకుళ నవ్వి, మాస్టారివైపు తిరిగింది. "రేపు మీరూ వస్తారుగా?"

"నేనెందుకమ్మా? నా పని అయిపోయింది," అన్నారాయన.