చెడిందా, దెబ్బ తగిలిందా

ఓబుళమ్మను ప్రశ్న అడగడం కొంచెం ప్రమాదం. ఆమె జవాబు చెప్పదు, పని చెబుతుంది. దేవుడున్నాడా అని అడిగిన పట్నం పెద్దమనిషి చేత ఒక పూటంతా గోంగూర ఒలిపించింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆయన మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదు. అర్థమై ఎత్తలేదో, వేళ్లు పీకి ఎత్తలేదో ఎవరికీ తెలియదు. కొండ కింద ఆమెకున్నది ఆశ్రమమని ఊరివాళ్లు అంటారు గానీ, చూసేవాళ్లకు అది వంటిల్లే. ఒక రేకుల షెడ్డు, దాని కింద కట్టెల పొయ్యిలు, పక్కన ఆవుల కొట్టం, వెనక ఆమె గురువుగారి సమాధి. గురువమ్మా అని పిలిస్తే పలికేది కాదు. అవ్వా అంటే పలికేది.

ఆ పొయ్యిల దగ్గర వంట చేసేది హేమావతి. ఆమె సంగతి ఊరందరికీ తెలుసు, తెలియనివాళ్లకు చెప్పడానికి అందరూ సిద్ధంగానే ఉంటారు. ఊళ్లో బోర్లు వేయడానికి వచ్చిన బండి మనిషితో వెళ్లిపోయింది. పెళ్లి చేసుకుంటానన్నాడు, నమ్మింది. ఏడాది తిరగకముందే వాడు ఆమెను ఏదో ఊరి బస్టాండులో కూర్చోబెట్టి, టీ తెస్తానని వెళ్లి మళ్లీ ఆమె దగ్గరికి రాలేదు. తిరిగొస్తే పుట్టింటి తలుపు తెరుచుకోలేదు. అవ్వ ఇంటికి తలుపే లేదు కాబట్టి అక్కడ చేరింది. చెయ్యి మంచిది. ఏది వండినా ఇంకో ముద్ద అడిగేలా ఉంటుంది. అలా ఆ పొయ్యి ఆమెదైంది. ఊరు మాత్రం ఆమె కోసం ఒక మాట సిద్ధంగా పెట్టుకుంది: చెడిపోయింది. ఆ మాటను మనం విరిగిన పాలకు వాడతాం, పులిసిన కూరకు వాడతాం, ఆడదానికి వాడతాం. మగవాడికీ వాడతాం గానీ వాడు తల దువ్వుకుని బజారుకొచ్చేసరికి మరిచిపోతాం.

ఆ ఏడు వానలు తగ్గాక విషజ్వరాలు ఊరిని మంచాన పడేశాయి. లేచినవాళ్లకు కీళ్లనొప్పులు ఒకవైపు, నోరు చేదు ఒకవైపు. ముద్ద నోట్లో పెడితే మట్టి పెట్టినట్టే ఉందని వాపోయేవాళ్లు. అవ్వ గురువుగారి ఆరాధన అప్పుడే వచ్చింది. ఆ రోజు ఊరంతా కొండ కింద బంతిలో కూర్చుని తినడం ఆనవాయితీ. ఆరాధన పనులన్నీ తిమ్మప్ప చూస్తాడు. చెడ్డవాడు కాదు. నలుగురూ ఏమంటారో అదే తన అభిప్రాయమని నమ్మే మనిషి, అంతే. అతను కూడా జ్వరంలోంచి లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని, ముందురోజు పొద్దున్నే వచ్చి అవ్వ ఎదుట నిలబడ్డాడు.

“అవ్వా, ఈసారి పొయ్యికాడ ఆ యమ్మిని పెట్టొద్దు. ఆడోళ్లంతా తినేది లేదంటాండారు. చెడిపోయినదాని చేత్తో వండింది సామికి ఎట్ల పెడతారంటాండారు. కొట్టం ఊడ్చేదానికి పెట్టుకో, ఎవురొద్దన్నారు?”

“చూద్దాం లేప్పా,” అంది అవ్వ, ఆవు గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తూ.

గోడ వెనక బియ్యం చెరుగుతున్న హేమావతికి ప్రతి మాటా వినిపించింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఈ లోకంలో తనది అని చెయ్యిపెట్టి చూపించగల చోటు ఆ పొయ్యి ఒక్కటే. అది కూడా పోతే ఇంక తను ఎక్కడ నిలబడాలి? తిమ్మప్ప అటు వెళ్లగానే చేట కింద పడేసి అవ్వ దగ్గరికి వచ్చింది.

“అవ్వా, వీళ్ల నోళ్లు మూయించేదెట్ల? అదొక్కటి చెప్పు. జన్మలో ఇంగేమీ అడగను.”

అవ్వ తల ఎత్తకుండానే గుమ్మం పక్కన పేర్చిన అట్టపెట్టెల వైపు చెయ్యి చూపించింది. అవి ఆపిల్ పండ్లు. మన ఊళ్లలో ఆపిల్ పండును కొనుక్కుని తినేవాళ్లు తక్కువ, జ్వరమొచ్చిన మనిషిని చూడబోతూ కొనుక్కెళ్లేవాళ్లే ఎక్కువ. టౌనులో పండ్ల వ్యాపారం చేసే భక్తుడొకాయన ఆరాధనకని పంపించాడు. దారిలో వంక దాటుతుంటే బండి గుంతలో పడి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. తిమ్మప్ప వాటిలోంచి నున్నగా ఉన్నవాటిని ఏరి సమాధి ముందు పళ్లేలలో గుట్టలుగా పేర్చేశాడు. మిగిలినవన్నీ నొక్కుకుపోయినవి, కమిలినవి, ఒక చెంప గోధుమరంగుకు తిరిగినవి. ఆవులకు వేసెయ్యమని చెప్పి వెళ్లాడు.

“గుజ్జు చెయ్యి పాపా,” అంది అవ్వ. “జరం పడి లేసినోళ్లకు మెత్తగా దిగుతాది. చక్కెర ఎయ్యొద్దు, పండులోనే ఉండాది.”

అడిగిందేమిటి, చెప్పిందేమిటి? హేమావతి మొహం మాడ్చుకుని కత్తిపీట ముందు కూర్చుంది. కానీ కూర్చున్నాక ఒక పంతం పట్టింది. రేపు తన డేగిసాలో ఒక్క నల్లముక్క దొరికినా చాలు, ఊరంతా దాన్ని పట్టుకుని ఊరేగుతుంది. ఆ అవకాశం ఇవ్వకూడదు. అందుకని పండును వెలుతురుకు పెట్టి చూడటం, ఎక్కడ చిన్న మచ్చ కనిపించినా ఆవుల గంపలోకి విసిరెయ్యడం. కాస్త మెత్తబడితే విసిరెయ్యడం. తొడిమ దగ్గర గీత పడితే విసిరెయ్యడం. ఊళ్లో ఎంత నిప్పులు కడిగే మనిషైనా అంత కఠినంగా పండ్లు ఏరి ఉండదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆవుల గంప నిండి పొర్లింది. ఆమె గిన్నెలో పిడికెడు ముక్కలున్నాయి.

అవ్వ వచ్చి ఆ గంప పక్కన చతికిలబడింది. గంపలోంచి ఒక పండు తీసి, కొంగుతో తుడిచి, కమిలిన వైపు నుంచే కొరికింది. నములుతూ ఇంకో పండు తీసి హేమావతి మొహం ముందు పట్టింది.

“ఇదేమైంది?”

“చెడిపోయిందవ్వా,” అంది హేమావతి తల ఎత్తకుండా.

“చెడిందా, దెబ్బ తగిలిందా?”

హేమావతి చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. అవ్వ ఆ పండును ఆమె ముక్కు దగ్గర పెట్టింది. తియ్యటి వాసన, పండు వాసన. తర్వాత గంపలో అడుగుకు చెయ్యి పోనిచ్చి, బూజు పట్టిన పండొకటి తీసి పెట్టింది. అది గుప్పున పుల్లగా కొట్టేసరికి హేమావతి మొహం తిప్పేసుకుంది. “ఇది చెడింది,” అని అవ్వ దాన్ని దూరంగా గిరాటేసింది. కొరుకుతున్న పండును మాత్రం వదల్లేదు. “దీన్ని కొట్టింది వంకలో గుంత. గుంత చెడిపోయిందని ఎవురన్నా అన్నారేమే?”

అంతే చెప్పి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, ఆవులకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది.

హేమావతి చాలాసేపు ఆ గంప వైపు చూస్తూ కూర్చుంది. మొదట సిగ్గేసింది. తనను కోసిన కత్తినే తను చేతపట్టుకుని, తనకంటే నోరు లేనివాటి మీద పొద్దుటినుంచి అదే తీర్పు చెబుతోంది. పైగా ఊరు కంటే గట్టిగా చెబుతోంది. సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఆ కోపం తన మీదే తిరిగి తిరిగి పడేది. ఇప్పుడు మొదటిసారి అది సరైన వైపు తల తిప్పింది. ఆ గుంతకు ఒక పేరుంది, ఒక మొహం ఉంది, టీ తెస్తానన్న ఒక గొంతు ఉంది. వాడిని ఊరు ఎప్పుడైనా ఏమైనా అందా?

గంపను ఒళ్లోకి లాక్కుంది. ఒక్కొక్క పండునూ కడిగి, వాసన చూసి, బూజు తగిలినదాన్ని మొత్తంగా పారేసి, దెబ్బ తగిలినవాటిని మాత్రం ఒక్కటి కూడా వదలకుండా కోసింది. మరీ నల్లబడి గట్టిపడిన చోట చాకుమొనతో తీసేసింది. గోధుమరంగు మెత్తదనాన్ని అలాగే ఉంచింది, ఉడికితే అదీ గుజ్జే. గింజలూ నడిమి బొడిపె తీసి, తొక్కతోనే డేగిసాలో వేసి, అడుగంటకుండా కాసిని నీళ్లు, చిటికెడు ఉప్పు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మూతపెట్టింది. సన్న మంట మీద పండ్లు వాటి నీటిలో అవే ఉడికి కూలబడ్డాయి. పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వేసి రుద్దితే తొక్కలు పైన మిగిలి, కింద లేత ఎరుపు గుజ్జు దిగింది. నిమ్మకాయ పిండి, మళ్లీ ఒక ఉడుకు రానిచ్చింది. ఆరాధన పొద్దున మళ్లీ వేడి చేసేసరికి ఆ వాసనకు ఆవులు కూడా మెడలు చాచాయి.

ఇక్కడ తిమ్మప్ప ఏరి పేర్చిన నున్నటి పండ్లలో పురుగు బయటపడితే కథ రంజుగా ఉండేది. పడలేదు. ఆ పండ్లన్నీ బంగారంలా ఉన్నాయి. మంచి పండు మంచిదైనంత మాత్రాన పక్కదాన్ని పారెయ్యాలా అన్నదే ఇక్కడ పేచీ.

పూజ అయింది. ఊరంతా బంతిలో కూర్చుంది. జ్వరం పడి లేచినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి దొన్నెలు వేశారు. వడ్డనకు వచ్చిన సాలమ్మ హేమావతి మీద జాలితోనే ఆమె చెవిలో అంది: “అవ్వ చేసిందని చెబుదాం మే. అందరూ తినేసి పోతారు, గొడవుండదు.” ఆ మాట వినడానికి ఎంత సుఖంగా ఉందో హేమావతికే తెలుసు. తల ఊపితే చాలు, డేగిసా ఖాళీ అవుతుంది, రేపు కూడా పొయ్యి తనదే అవుతుంది. ఈలోగా తిమ్మప్ప బంతి మధ్యకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“వండింది ఎవురో ముందే చెప్పండి. తిన్యాక తెలిస్తే బాగుండదు.”

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ ముందు వరసలోనే తన దొన్నె ముందు కూర్చుని, ఈ గొడవ తనది కానట్టు దొన్నె అంచు సరిచేసుకుంటోంది. హేమావతి సాలమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది. బంతి ముందుకొచ్చి నిలబడింది.

“నేనే వండినా. దెబ్బ తగిలిన పండ్లతో వండినా. ఈ పొద్దే కాదు, రేపూ నేనే వండుతా, ఈ పొయ్యి ఇడిసిపెట్టి పోను.” తిమ్మప్ప ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. “మామా, నన్ను బస్టాండులో ఇడిసిపెట్టి పోయినోడు నిరుడు నీ తోటలోనే బోరేసినాడు. నీ ఇంట్లోనే కూచోని అన్నం తిన్యాడు. ఆ పొద్దు నీ బంతిలో నుంచి ఎవురూ లేసిపోలేదే?”

తిమ్మప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత వెనక వరసలో ఒకావిడ చీర దులుపుకుని లేచింది. ఆమెను చూసి ఇంకొకావిడ, ఆ వెంట వాళ్ల మగవాళ్లు. విస్తళ్లు తొక్కుకుంటూ, గొణుక్కుంటూ, చూస్తుండగానే బంతిలో సగం ఖాళీ అయింది. తిమ్మప్ప ఇటా అటా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. నాలుగైదు రోజులుగా ముద్ద దిగని మనిషి, ఆ వాసనకు రెండుసార్లు గుటకలు కూడా మింగాడు. చివరికి నలుగురూ వెళ్లిన దారినే వెళ్లిపోయాడు.

ముందు వరసలో జ్వరం పడి లేచినవాళ్లు చాలామంది కదల్లేదు. కొందరికి లేచే ఓపిక లేదు, కొందరికి లేవాలని లేదు. ఎవరు ఎందుకు కూర్చున్నారో హేమావతికి తెలియదు. ఆమె కళ్లు మాత్రం మనుషులు లేచిపోయిన విస్తళ్ల మీదే ఉన్నాయి. గెలిచానో ఓడానో తేలక, గరిటె పట్టుకున్న చెయ్యి డేగిసాలోకి దిగలేదు.

“సగం మంది పాయిరి అవ్వా,” అంది. “అంత మాటన్నా వాళ్ల నోళ్లు మూయించలేకపోతి.”

అవ్వ తన దొన్నె ఎత్తి ముందుకు చాచింది.

“ఆ నోళ్లతో మనకేం పని పాపా? ఈడ మేం నోళ్లు తెరుచుకోని కూచోనుండాం. పెట్టు, చల్లారిపోతాంది.”